లెక్కకు తగ్గ బొమ్మ

ఈ సంచికను బొమ్మల లెక్కలు తయారుచేసే ఏఐకి కేటాయించాం. కర్ణాటకలోని పావగడ తాలూకా అరసికెరె వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాళ్లకు ఊళ్లోంచే ఒక లెక్క ఇవ్వాలనుకుందాం: ఆ తాలూకాలోని సోలార్ పార్కుకు రైతులిచ్చిన భూమి కౌలు మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మూడో ఏట నాలుగెకరాలకు ఎంత? ఇలాంటి లెక్కను భాషా నమూనా రెండు భాషల్లోనూ క్షణాల్లో రాసిస్తుంది. ఊరికి తగ్గట్టు లెక్క మార్చుకోవడం మనకు కొత్తేం కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలో తెలుగు చేస్తూ పావులూరి మల్లన ఉదాహరణలు మార్చుకున్నాడు.

చిక్కంతా బొమ్మతోనే. ఏడు శనక్కాయలు గీయమంటే ఎనిమిది గీసే జబ్బు ఈ యంత్రాలకు ఇంకా పూర్తిగా వదల్లేదు. పిల్లవాడు బొమ్మను నమ్మి లెక్కపెడతాడు, మార్కులు వాడికే పోతాయి. అందుకే బొమ్మను నేరుగా గీయించకుండా, ఒకే కాయను ఏడుసార్లు వేసే చిన్న ప్రోగ్రాము రాయించడం మేలని మా వాదన. ఇంత తతంగం దేనికి, అయ్యవారే బోర్డు మీద గీయొచ్చు కదా అని కొందరంటారు. గీయొచ్చు, ఒక లెక్కకైతే. కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని నలి-కలి పద్ధతిలో 1 నుంచి 3 తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చునేచోట తలా ఒక మెట్టు లెక్క కావాలంటే ఆయన చెయ్యి చాలదు. జవాబు మాత్రం ఆయనే వేసి చూసుకోవాలి.