మలిచూపుకు దక్కని గౌరవం

కొత్త సినిమా విడుదలైన తొలి మూడు రోజులు ఆన్‌లైన్ సమీక్షలు రాకుండా నిషేధించాలని కోరుతూ తమిళ చిత్ర నిర్మాతల సంఘం ఒకటి 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టును ఆశ్రయించగా, సమీక్ష భావప్రకటన స్వేచ్ఛలో భాగమన్న దృష్టితో న్యాయస్థానం మధ్యంతర నిషేధానికి నిరాకరించింది. న్యాయస్థానం చెప్పింది సబబే. అయితే తెలుగు సినీవర్గాల్లోనూ తరచు రగిలే ఈ తగవులో నిర్మాతలూ సమీక్షకులూ వాదన లేకుండానే ఏకీభవించిన సంగతి ఒకటుంది. సినిమా భవితవ్యం తొలి ఆట టాక్‌తో మొదలై తొలి వారాంతంతో తేలిపోతుందనీ, తగవు పడవలసింది ఆ మూడు రోజుల మీద పెత్తనం ఎవరిదన్న దాని గురించేననీ ఇద్దరూ నమ్ముతున్నారు. నాలుగో రోజున, నాలుగో ఏట, లేదా ఇరవయ్యో ఏట అదే సినిమాను మళ్ళీ చూసి, మొదటిసారి కంటే ఎక్కువ ఆనందాన్ని పొందిన ప్రేక్షకుడి మాటకు ఆ తగవులో ఏ పక్షానా చోటు దొరకలేదు.

సాహిత్య విమర్శలో ఇటువంటి పద్ధతిని ఎవరూ ఒప్పుకోరు. ‘కన్యాశుల్కం’ ఒక్కసారి తిరగేసి దాని మీద తీర్పు చెప్పబోయిన వారి మాటను సాహిత్య సభలు పట్టించుకోవు. మళ్ళీ చదివినప్పుడు కూడా నిలబడటమే రచనకు గీటురాయి అని బోధించే పెద్దలే, సైన్స్ ఫిక్షన్ యాక్షన్ చిత్రాన్ని, అంటే విజ్ఞానశాస్త్రం ఊతంగా ఊహించిన ఒక పరిస్థితిని పోరాట ఘట్టాల ద్వారా నడిపే చిత్రాన్ని, రెండోసారి చూడటం కుర్రతనమని కొట్టిపారేస్తున్నారు. కావ్యానికి ఒక న్యాయం, పోరాటాల సినిమాకు మరొక న్యాయం అమలు చేస్తున్న ఈ ధోరణిని ఖండించవలసిన అవసరం ఉంది. ఖండనకు ఒక్క చిత్రాన్ని సమగ్రంగా పరిశీలించడం, పది చిత్రాల పేర్లు వల్లించడం కంటే మేలు.

ఆ చిత్రం ‘ఎడ్జ్ ఆఫ్ టుమారో’. జపాన్ రచయిత హిరోషి సాకురాజాకా 2004లో వెలువరించిన నవల ఆధారంగా డగ్ లైమన్ దర్శకత్వంలో, టామ్ క్రూజ్, ఎమిలీ బ్లంట్ ప్రధాన పాత్రధారులుగా తయారై, అమెరికాలో 2014 జూన్ 6న విడుదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనలు నార్మండీ తీరాన దిగి ఆనాటికి సరిగ్గా 70 ఏళ్ళు. చిత్రంలోని ప్రధాన యుద్ధం కూడా ఫ్రాన్స్ సముద్రతీరంలోనే జరుగుతుంది కనుక ఆ తేదీకి అర్థముంది. ‘మిమిక్స్’ అనే గ్రహాంతర జీవులు ఐరోపాను ఆక్రమించుకున్న కాలంలో, యుద్ధమంటే ఏమిటో ఎరగని ప్రచారాధికారి విలియం కేజ్‌ను బలవంతంగా ఆ తీరానికి తోస్తారు. అతడు అక్కడ ‘ఆల్ఫా’ అనే అరుదైన జీవిని చంపి, దాని రక్తంలో తడిసి, తానూ మరణించి, ముందురోజు ఉదయం హీత్రో విమానాశ్రయంలోని సైనిక స్థావరంలో కళ్ళు తెరుస్తాడు. చనిపోయిన ప్రతిసారీ అదే ఉదయం తిరిగి వస్తుంది. జరిగినదంతా అతడికి గుర్తుంటుంది, మిగిలినవారికి ఏదీ గుర్తుండదు. కాలం ఇలా ఒకే వలయంలో తిరగడాన్ని సైన్స్ ఫిక్షన్‌లో ‘టైమ్ లూప్’ అంటారు. హెరాల్డ్ రామిస్ తీసిన ‘గ్రౌండ్‌హాగ్ డే’ 1993లోనే ఈ ఊహను హాస్యకథగా మలిచింది.

ఇటువంటి కథలో తొలిసారి ప్రేక్షకుడికి చేతినిండా పని ఉంటుంది. ఈ లోకపు నియమాలేమిటి, శత్రువు శక్తి ఎక్కడిది, అది కేజ్‌కు ఎలా సోకింది, ఎలా పోతుంది అన్న లెక్కలను చెవులు చిల్లులుపడే యుద్ధం నడుమ చూసుకోవాలి. ఆల్ఫాలన్నిటినీ నడిపే ‘ఒమేగా’ అనే మూలజీవి కాలాన్ని వెనక్కు తిప్పగలదనీ, రక్తం ద్వారా ఆ శక్తి కేజ్‌కు సంక్రమించిందనీ, వేరొకరి రక్తం ఎక్కిస్తే అది పోతుందనీ గ్రహించేసరికి సగం చిత్రం గడిచిపోతుంది. అంతసేపూ ముఖాలను చూసే తీరిక ప్రేక్షకుడికి ఉండదు. నియమాలు తెలిసిన తర్వాత, అంటే రెండోసారి, ఆ తీరిక పూర్తిగా దొరుకుతుంది. అప్పుడు కనిపించే చిత్రం మునుపటిది కాదు.

ఉదాహరణకు ఆరంభంలో వచ్చే టీవీ వార్తల మాలికను తీసుకోవచ్చు. వెర్డన్ యుద్ధంలో రీటా వ్రటాస్కీ అనే సైనికురాలు కొత్త యాంత్రిక కవచం తొడుక్కుని, తొలిరోజే వందలాది శత్రువులను మట్టుబెట్టిందని, కనుక కొద్దిపాటి శిక్షణతో ఎవరైనా యోధులు కాగలరని కేజ్ చిరునవ్వుతో ప్రకటిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు అది కథకు అవసరమైన సమాచారంలా, కాస్త ఉత్సాహంగా గడిచిపోతుంది. రెండోసారి అదే ప్రకటన భయపెడుతుంది, ఎందుకంటే అది ఆమె తొలిరోజు కాదని, వెర్డన్‌లో ఆమె కూడా అదే వలయంలో లెక్కలేనన్నిసార్లు చచ్చి నేర్చుకుందని, పైగా ఆ విజయం శత్రువు కావాలని వదిలిపెట్టిన ఎర అని ప్రేక్షకుడికి అప్పటికే తెలుసు. ఆ నవ్వును నమ్మి సైన్యంలో చేరిన కుర్రవాళ్ళందరూ తీరం మీద గంటలో చనిపోబోతున్నారు. అబద్ధమని తనకే తెలియని అబద్ధాన్ని అమ్ముతున్న మనిషి, ఆ అబద్ధం వెనకున్న నిజాన్ని తన చావులతో తెలుసుకోబోతున్నాడు. కథానిర్మాణంలోని ఈ పొందికను తొలి ఆటలో పట్టుకోగల ప్రేక్షకుడు లేడు, సమీక్షకుడూ లేడు.

అంతకంటే లోతైనది పాడుబడిన పల్లె ఇంటి ఘట్టం. యుద్ధభూమి దాటి కేజ్, రీటా ఇద్దరూ ఒక ఇంటికి చేరతారు. అక్కడ ఒక హెలికాప్టర్ ఉంటుంది, అతడు కాఫీ కలుపుతాడు, మాటలు మెల్లగా సాగుతాయి. ఆమె కాఫీకి ఎంత చక్కెర కావాలో అడగకుండానే అతడికి తెలిసిపోవడంతో, తామిక్కడికి రావడం ఇది మొదటిసారి కాదని ఆమె గ్రహిస్తుంది. ఏ దారిన వెళ్ళినా ఆమె ఇక్కడి నుంచి ప్రాణాలతో బయటపడదని అతడు అనేకసార్లు చూశాడు, ఆ సంగతి దాచి, ఆమెను ఇంకాసేపు అక్కడే కూర్చోబెట్టుకోవాలని చూస్తున్నాడు. మొదటిసారి చూసే ప్రేక్షకుడు ఇక్కడ రీటా స్థానంలో ఉంటాడు, ఆమెతోపాటే ఉలిక్కిపడతాడు. రెండోసారి చూసేవాడు కేజ్ స్థానంలోకి మారతాడు. ఏం జరగబోతున్నదో తెలిసి, ఎదుటి మనిషికి తెలియదని తెలిసి, ఆ తెలివిడి బరువును మోస్తూ కాఫీ కలిపే చేతులను చూస్తాడు. టామ్ క్రూజ్ ఆ ఘట్టమంతటా ఆమె వైపు సూటిగా చూడలేకపోవడం, తొందరేమీ లేనట్టు నటించడంలో అలసట బయటపడటం, ఇవన్నీ అప్పుడే కంటికి ఆనతాయి. పునర్దర్శనం ఇక్కడ ఆనందాన్ని పెంచడంతో ఆగలేదు, ప్రేక్షకుడిని ఒక పాత్ర మనస్సులోంచి మరొక పాత్ర మనస్సులోకి నడిపింది. మళ్ళీ మళ్ళీ అదే దినాన్ని చూసే మనిషి కథను మళ్ళీ చూసినవాడే పూర్తిగా అనుభవించగలగడం ఈ చిత్రం సాధించిన అసలైన ఘనత.

ముగింపు కూడా అంతే. ఒమేగా నశించి, కాలం మరికాస్త వెనక్కు జరిగి, అందరూ బతికి ఉన్న ఉదయాన కేజ్ రీటాను కలుసుకున్నప్పుడు ఆమె అతడిని గుర్తుపట్టదు, అతడు నవ్వుతాడు. సుఖాంతం కోసం నియమాలను సడలించారని అప్పట్లో పలువురు ఆక్షేపించారు. పల్లె ఇంటిని రెండోసారి చూసి వచ్చినవారికి ఆ నవ్వు సుఖాంతపు నవ్వుగా కనిపించదు. ఇద్దరూ కలిసి గడిపిన కాలమంతా ఇక ఒక్కరి జ్ఞాపకంలోనే ఉంది.

ఇంత పనితనం గల చిత్రానికి తొలి వారాంతం విధించిన తీర్పేమిటి? సుమారు 17.8 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారైన సినిమా అమెరికాలో ఆ మూడు రోజులకూ 3 కోట్ల డాలర్లైనా రాబట్టలేక మూడో స్థానానికి పడిపోయింది. ప్రపంచవ్యాప్తంగా తర్వాత దాదాపు 37 కోట్లు వచ్చినా తొలి ముద్ర చెరగలేదు. పేరే తప్పని భావించిన చిత్ర నిర్మాణ సంస్థ డిస్కులు విడుదల చేసినప్పుడు అట్ట మీద ‘లివ్ డై రిపీట్’ అన్న ప్రచారవాక్యాన్ని అసలు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ముద్రించింది. సమీక్షలు మెచ్చుకున్నవే, కానీ ఆ మెప్పులో ఎక్కువ భాగం ‘గ్రౌండ్‌హాగ్ డే’ను తుపాకులతో తీశారన్న ఒక్క వాక్యంలో ఇమిడిపోయేది. ఆ వాక్యం రాసినవారికి చిత్రం పట్ల ద్వేషం లేదు, కావలసినంత సమయం లేదు. ఆ రాత్రికే రాయాలి, రేటింగ్ ఇవ్వాలి, మరుసటి వారం మరో సినిమాకు వెళ్ళాలి. ఈ హడావుడిని విమర్శ అని పిలవడం విమర్శకే అవమానం. విడుదల రోజు సమాచారం ఇవ్వడం అవసరమైన పనే, దాన్ని చేసేవారు గౌరవనీయులే. కాని సమాచారాన్ని తీర్పుగా చెలామణీ చేసి, ఆ తీర్పును పదేళ్ళ తర్వాత కూడా తిరగరాయనక్కరలేదన్న ధీమాతో కూర్చున్న వ్యవస్థ, పాఠకుడి రెండో ఆలోచనను లెక్కలోకి తీసుకోని వ్యవస్థ.

అమెరికా విమర్శకురాలు పాలీన్ కేల్ సినిమాను రెండోసారి చూడనని బాహాటంగా చెప్పేవారు, తొలి స్పందనలోనే నిజాయతీ ఉంటుందని ఆమెను ఉదహరించేవారున్నారు గానీ, ఆమె ప్రతిభ ఆమె నియమానికి రుజువు కాజాలదు. పరిశోధనలు మరో దిక్కు చూపుతున్నాయి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టన్‌ఫెల్డ్ 2011లో 12 చిన్న కథలతో జరిపిన పరీక్షలో, ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథను మరింత ఆస్వాదించారని తేలింది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ ఓబ్రయన్ 2019లో ప్రచురించిన అధ్యయనం, చేసిన పనినే మళ్ళీ చేస్తే విసుగు పుడుతుందని మనుషులు వేసుకునే అంచనా కంటే అసలు అనుభవం ఎక్కువ ఆనందాన్నే ఇస్తుందని, మొదటిసారి గమనించనివి మిగిలి ఉండటమే అందుకు కారణమని చూపింది. ప్రతి సినిమా ఇలా పెరగదు. ఒకే ఒక్క రహస్యం మీద నిలిచినవి రెండోసారికి చిక్కిపోతాయి, వాటిని వేరుచేసి చూపగలిగేదీ పునర్దర్శనమే.

ఈ సత్యాన్ని తెలుగువారికి కొత్తగా నేర్పనక్కరలేదు. నాటకం అనే రూపకభేదానికి కథ ‘ప్రఖ్యాతం’ కావాలని, అనగా ఇతిహాస పురాణాదుల్లో ప్రసిద్ధమైనదై ఉండాలని సంస్కృత నాట్యశాస్త్ర సంప్రదాయం శాసించింది. కథ ఏమవుతుందన్న ఆదుర్దా నుంచి విముక్తుడైన ప్రేక్షకుడే, అది ఎలా అవుతున్నదన్న దాని మీద మనసు నిలిపి రసాన్ని పొందగలడన్నది దాని వెనకున్న అవగాహన. రాయబారం ఫలించదని తెలిసే జనం రాత్రంతా ‘పాండవోద్యోగ విజయాలు’ చూశారు, నచ్చిన పద్యానికి ‘వన్స్ మోర్’ అని కేకవేసి, కృష్ణుడి చేత అదే పద్యాన్ని అక్కడికక్కడే మళ్ళీ పాడించుకున్నారు. రామాయణం మళ్ళీ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం చెప్పి మరీ ‘రామాయణ కల్పవృక్షం’ రాసిన విశ్వనాథకు 1970 జ్ఞానపీఠం వచ్చినప్పుడు గర్వించిన జాతి ఇది. అటువంటి జాతి, సినిమా దగ్గరికి వచ్చేసరికి, కథ ముందే తెలిస్తే మజా పోతుందని భయపడటం అరువు తెచ్చుకున్న భయం.

2022 ఆగస్టులో ‘పోకిరి’తో ఊపందుకున్న రీ-రిలీజుల వరుసలో ప్రేక్షకులు పాత సినిమాలకు పోటెత్తుతున్నారు, ఆ ఉత్సాహం అభిమానుల పండుగగా, టికెట్ల లెక్కగా మాత్రమే పత్రికల్లో నమోదవుతున్నది. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ కొత్త మెరుగులతో 2025 ఏప్రిల్ 4న మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు, కాలయంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, అక్కడి నుంచి రాబోయే శతాబ్దాలకూ వెళ్ళే ఆ కథను బాల్యంలో చూసినవారు నడివయసులో మళ్ళీ చూసి ఏమి పొందారన్నది నిజానికి సాహిత్య పత్రికలు అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న వేయకపోవడంలో ఈ పత్రికకూ వాటా ఉన్నందున, రాబోయే సంచికల్లో పునర్దర్శన విమర్శకు ప్రత్యేక పుటలు కేటాయించాలని సంపాదకవర్గం నిర్ణయించింది. చిత్రం విడుదలై కనీసం పదేళ్ళు గడిచి ఉండాలి, రచయిత దాన్ని ఒకటికి రెండుసార్లు చూసి ఉండాలి, మొదటిసారి ఏమి జారిపోయిందో ఘట్టాలవారీగా చూపాలి. రేటింగులు ఉండవు. యాక్షన్ చిత్రాల మీద వచ్చే వ్యాసాలకు మిగిలినవాటితో సమానమైన చోటు ఉంటుంది, తొలి వ్యాసాన్ని ‘ఆదిత్య 369’ మీద పత్రిక ఆహ్వానిస్తున్నది.