విశ్వవిద్యాలయ గ్రంథాలయము - కరవుసీమ రైతు

అనంతపుర మండలమున సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. ఈ క్షామభూమియందు 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. పరిశోధన గ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పింపవలెనని యు.జి.సి. 2009లో నిబంధన విధించినది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు 'శోధగంగ'లో వానిని ఎవ్వరైనను ఉచితముగా చదువవచ్చును. ఇంతియకాక, 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 'ఒకే దేశము - ఒకే చందా' పథకమునకు మూడేండ్లకుగాను 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు లభించుటకు ఏర్పాటు జరిగినది.

ఇది హర్షణీయమే. కాని ఆ చందా ఫలము విద్యార్థులకును ఆచార్యులకును పరిశోధకులకును మాత్రమే పరిమితము. శోధగంగ ద్వారములు తెఱచియున్నను, అందలి శాస్త్రగ్రంథములలో అధికభాగము ఆంగ్లమున నున్నవి. వేరుశనగ విత్తి వానకై యెదురుచూచు రైతునకును, బోరుబావి యెండిన భూస్వామికిని అందువలన నేమి ప్రయోజనము? ఈ వ్యయమంతయు ప్రజాధనమే గదా!

కావున విశ్వవిద్యాలయ గ్రంథాలయము ఈ మండలపు నేల, భూగర్భజలము, వేరుశనగలను గూర్చిన పరిశోధనలను ఏర్చికూర్చి, తెలుగున సంగ్రహములు వ్రాయించి, గ్రామ గ్రంథాలయములకు సైతము అందునట్లు చేయవలెను. ఇందులకగు వ్యయము ఆ చందాలో లేశమైనను కాదు. చెఱువు నిండినంతమాత్రమున చాలదు. తూము తెఱచిననేగాని మడి తడవదు.