దురదను కొలవటం ఎలా?

ఎగ్జిమా అనే చర్మవ్యాధి అంటుకునేది కాదు. కాని అది ఉన్నవాళ్ళు దురదతో రాత్రిళ్ళు నిద్రపోలేరు. దురద కంటికి కనిపించదు గదా, పూతమందు దాన్ని తగ్గించిందని తెలిసేదెట్లా?

రోగి రోజూ తన దురదకు మార్కులు వేస్తాడు. అసలు లేకపోతే 0, ఇంతకు మించి ఉండదనిపిస్తే 10. అయితే, మందు లేని ఉత్త క్రీము రాసినా చర్మం మెత్తబడి దురద కొంత తగ్గుతుంది. అందుచేత కొందరికి మందు కలిపిన క్రీమూ, కొందరికి ఉత్త క్రీమూ ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే వైద్యుడికీ తెలియదు. చివరకు మార్కులు పోలుస్తారు. రుక్సోలిటినిబ్ అనే మందు ఇలాటి 8 వారాల పరీక్షలలో నెగ్గి, 2021లో అమెరికాలో అనుమతి పొందింది.

తోటిపిల్లవాడు గోక్కుంటుంటే నవ్వకండి. అతని దురద ఎంతో అతనికే తెలుసు. శాస్త్రజ్ఞులు కూడా అతన్నే అడుగుతారు!