మలుపు సాహసమును ఎరుగదు

వేగమనగానే యువకుని మనస్సులో మెదలునది తిన్నని రహదారి. ఇంజను గర్జించుచుండగా, చెట్లు వెనుకకు పరుగెత్తుచుండగా, ముందునకు దూసుకొనిపోవుటయే వేగమని మనమందరము భావించుచున్నాము. కాని మోటారు పందెములను శ్రద్ధగా గమనించినవారికి వేరొక సత్యము గోచరించును. తిన్నని దారిలో శక్తిగల యంత్రమున్న ఎవ్వడైనను వేగముగా పోగలడు. పందెమున గెలుపోటములు తేలునది మాత్రము మలుపులలోనే. ఆ మలుపును జయించునది సాహసము కాదు, లెక్క. ఈ మాటను తోటి విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఇట్లు వ్రాయుటకు ఒక కారణమున్నది. గత సంవత్సరము అర్ధవార్షిక పరీక్షలో అభికేంద్ర బలమును గురించి ప్రశ్న వచ్చినది. నా ప్రక్కన కూర్చుండు మిత్రుడొకడు సూత్రమును తప్పులేకుండ వ్రాసి, పటము గీసి, ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు పొందెను. తరువాత మూడు వారములకే అతడు ఇసుక పడియున్న ఒక మలుపులో మోటారు సైకిలుతో జారిపడి కాలు విరుగగొట్టుకొనెను. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు, “బండి బాగానే వంచాను కదరా, ఎందుకు జారిందో తెలియలేదు” అని నాతో అనెను. సమాధానము అతడు వ్రాసిన కాగితములోనే ఉన్నది. కాగితము నుండి చేతికి మాత్రము అది చేరలేదు.

ఆ సమాధానమేమి? కదలుచున్న వస్తువు తనంతట తాను తిన్నగా పోవుటకే చూచును. ఇది న్యూటను మొదటి నియమము. కారు గాని, మోటారు సైకిలు గాని మలుపు తిరుగవలెనన్న దానిని లోపలికి లాగు బలమొకటి కావలెను. బల్లపరుపు దారిపై ఆ బలమును ఇచ్చునది ఇంజను కాదు, స్టీరింగు కాదు. టైరునకును నేలకును నడుమనున్న ఘర్షణయే. సాధారణమైన కారు టైరు నేలను తాకు చోటు ఇంచుమించు అరచేయంత. నాలుగు అరచేతుల మీద ఒక కుటుంబము ప్రయాణము చేయుచున్నది. మోటారు సైకిలునకు రెండే చోట్లు, అవియును ఇంకను చిన్నవి. బండిని వంచుట సమతౌల్యము కొరకే గాని, దానివలన టైరు పట్టు పెరుగదు. ఇసుక ఆ పట్టును హరించినప్పుడు ఎంత వంచినను ఫలితము లేదు.

కావలసిన బలము వేగముతో సమానముగా పెరుగదు, వేగము యొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లు కావలెను. వేగమును నూటికి 10 వంతులు పెంచినచో బలము నూటికి 21 వంతులు పెరుగవలెను. ‘కొంచెమే గదా పెంచినాను’ అనుకొనువానికి మలుపు ఇచ్చు జవాబు ఇదియే.

ఒక ఉదాహరణము చూతము. 10 మీటర్ల వెడల్పు గల పందెపు బాట లంబకోణములో తిరుగుచున్నదనుకొందము. బాట నడిమి గీత వ్యాసార్ధము 50 మీటర్లు, ఘర్షణ గుణకము 1. నడిమి గీత వెంట పోవు కారు గంటకు సుమారు 80 కిలోమీటర్లకు మించి ఆ మలుపు తిరుగజాలదు. కాని నేర్పరియైన చోదకుడు నడిమి గీత వెంట పోడు. మలుపునకు ముందు వెలుపలి అంచునకు చేరును. మలుపు నడుమ లోపలి అంచును తాకును. మరల వెలుపలి అంచునకు వచ్చును. ఇట్లు గీచిన చాపము వ్యాసార్ధము సుమారు 79 మీటర్లగును, వేగపు హద్దు సుమారు 100 కిలోమీటర్లగును. కారు అదే, టైర్లు అవే. అదనపు 20 కిలోమీటర్లు కేవలము రేఖాగణితము ఇచ్చిన కానుక. అయితే ఈ గీత ఎదుటి నుండి లారీ రాని పందెపు బాటకే చెల్లును. మన రహదారులపై దీనిని అనుకరించుట ఆత్మహత్యతో సమానము.

1957లో ఇటలీ దేశమున మిల్లె మిల్యా పందెమును గెలిచిన పియెరో తారుఫీ వృత్తిరీత్యా ఇంజనీరు. మలుపులలో కారు నడుపు విధానమును లెక్కలతోను, పటములతోను వివరించుచు అతడు గ్రంథమే వ్రాసెను. పందెగాండ్రకు గణితముతో పనియేమి అనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

టైరు పట్టును నెల జీతముతో పోల్చవచ్చును. ఉన్నది ఒక్కటే మొత్తము. బ్రేకు వేయుటకును, మలుపు తిరుగుటకును, వేగము పెంచుటకును దానినుండియే ఖర్చు పెట్టవలెను. బ్రేకు బలము వెనుకకును, మలుపు బలము ప్రక్కకును పనిచేయును గనుక ఇచ్చట పైథాగరసు సిద్ధాంతము వర్తించును. పట్టు మొత్తము 10 పాళ్లు అనుకొన్న, బ్రేకునకు 6 పాళ్లు వాడినచో మలుపునకు 8 పాళ్లు మిగులును. పదియును బ్రేకునకే వాడినచో మలుపునకు సున్న. మలుపు మధ్యలో భయపడి బ్రేకు నొక్కువాడు దారి వెలుపలికి ఎందుకు పోవునో ఇప్పుడు తెలియుచున్నది. అందువలననే చోదకుడు తిన్నని దారిలోనే వేగము తగ్గించుకొని, తరువాత తిరిగి, దారి తిన్ననగుచుండగా వేగము పెంచుచు బయటపడును. మలుపు తరువాత పొడవైన దారి ఉన్నప్పుడు, బయటపడునప్పటి వేగపు లాభము ఆ దారి పొడవునను అతనితో వచ్చును. ముందుగా తగ్గినవాడే ముందుగా చేరుచున్నాడు.

ఈ నీతికి నిలువెత్తు నిదర్శనము స్కాట్లండుకు చెందిన జాకీ స్టూవర్టు. అతడు 1969, 1971, 1973 సంవత్సరములలో ప్రపంచ విజేత. 99 గ్రాండ్ ప్రీ పందెములలో 27 గెలిచెను. అతని పేరు చెప్పగానే తలపునకు వచ్చునది మృదువైన నడక. స్టీరింగును గుంజినను, బ్రేకును తొక్కినను కారు బరువు ఒక్కసారిగా ఒక ప్రక్కకు ఒరిగి టైర్ల పట్టు చెదరును. మృదువుగా నడిపినచో అది నిలుచును. 1966లో బెల్జియము దేశపు స్పా పందెములో వానకు అతని కారు బాట తప్పి పడిపోయెను. పెట్రోలు కారుచుండగా అతడు అందులో చిక్కుకొనెను. తోటి చోదకులు వచ్చి విడిపించిరి. నాటినుండి అతడు సీటు బెల్టులు, అడ్డుకట్టలు, వైద్య సదుపాయముల కొరకు పోరాడెను. విమర్శలు వచ్చినను వెనుదీయలేదు. లెక్క తెలిసినవానికి జాగ్రత్త అవమానము కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పందెపు కార్లు ఈ సూత్రమును మించిన వేగముతో తిరుగుచున్నవి గదా? నిజమే. 1978లో మేరియో ఆండ్రెట్టి ప్రపంచ విజేతయైన ఏట అతడు నడిపిన లోటస్ 79 కారు, తన అడుగున దూరు గాలి పీడనమును తగ్గించి, నేలకు అదుముకొనిపోవునట్లు నిర్మింపబడినది. బరువు పెరుగకయే టైరుపై ఒత్తిడి పెరిగినందున పట్టు పెరిగినది. సూత్రము ఓడలేదు, జీతము పెరిగినది, అంతే. ఆ గాలి పట్టు అకస్మాత్తుగా తప్పినచో కలుగు ప్రమాదము ఘోరమైనది. 1983లో ఫార్ములా వన్ కార్ల అడుగు భాగము చదునుగా ఉండవలెనని నిబంధన వచ్చినది. మన మోటారు సైకిళ్లకు అట్టి రెక్కలు లేవు. మనకున్నది పాత జీతమే.

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఇ పందెము జరిగినది. మూడు కిలోమీటర్లకు లోపు బాటలో 18 మలుపులు. అవి ఇంజను గర్జన లేని విద్యుత్ కార్లు. అట్టి పందెమును చూచి వచ్చినవారు వేగమును గురించియే చెప్పుదురు. ప్రతి మలుపునకు ముందు చోదకుడు ఎచ్చట తగ్గినాడో చెప్పువారు అరుదు. మనము చూడవలసినది అదియే.

కావున కమిటీ పెద్దలకు నా విన్నపములు రెండు. మొదటిది: భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చేతితో త్రిప్పు ఒక తిరుగుడు పీటను ఏర్పాటు చేయవలెను. దానిపై నాణెమునుంచి మెల్లగా వేగము పెంచినచో ఒక క్షణమున అది జారును. చిటికెడు సన్నని ఇసుక చల్లి త్రిప్పినచో ఇంకను ముందే జారును. విద్యార్థి దానిని స్వయముగా చూడవలెను. రెండవది: పరీక్షలో ‘అభికేంద్ర బలమును నిర్వచింపుము’ అనుటకు బదులు, ‘కళాశాల గేటు ఎదుటి మలుపు వ్యాసార్ధమును టేపుతో కొలిచి, పొడి నేలపైనను తడి నేలపైనను క్షేమకరమైన వేగమును కట్టుము’ అని అడుగవలెను. తడిలో ఘర్షణ సగమైనచో వేగపు హద్దు సుమారు పదింట ఏడు వంతులకు పడిపోవునని అప్పుడు అతడు తన లెక్కలోనే కనుగొనును. వీనికగు వ్యయము స్వల్పము. ఒక్క కాలు విరిగినను అగు వ్యయము మనకు తెలియనిది కాదు.

సోదర విద్యార్థులారా! ఉర్దూలో రఫ్తార్ అన్నను, తెలుగులో వేగమన్నను దాని వర్గము ఒక్కటే. మన ధైర్యమును గాని, మన వయస్సును గాని, మనము పొందిన మార్కులను గాని మలుపు అడుగదు. నా మిత్రుడు ఈ సంవత్సరము మరల తరగతికి వచ్చుచున్నాడు. నడకలో కొంచెము కుంటు మిగిలినది. మొన్న అతని వెనుక కూర్చుండి ఇంటికి పోవుచుండగా, గేటు దగ్గరి మలుపు ఇంకను దూరముగా ఉండగనే అతడు వేగము తగ్గించెను. నేను కారణమడుగలేదు. అతడును చెప్పలేదు.