వెన్నులో అమర్చిన పరికరం.. మొరాయిస్తే బాధ్యులెవరు?

శస్త్రచికిత్స జరిగినా తగ్గని వెన్నునొప్పి, మధుమేహంతో నరాలు దెబ్బతిని పాదాల్లో రాత్రంతా రేగే మంట... మందులకు లొంగని ఇలాంటి బాధలకు వైద్యులు సూచించే చివరి మార్గాల్లో స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ ఒకటి. వెన్నుపామును కప్పి ఉంచే పొరకు వెలుపలనున్న సన్నని ఖాళీలో ఎలక్ట్రోడ్ల తీగలను ఉంచుతారు. పిరుదు పైభాగంలోనో, పొత్తికడుపు పక్కనో చర్మం కింద బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాన్ని అమరుస్తారు. అది పంపే స్వల్ప విద్యుత్ స్పందనలు నొప్పి సంకేతాలు మెదడుకు చేరే తీరును మారుస్తాయి. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన 'గేట్ కంట్రోల్' సిద్ధాంతం దీనికి పునాది. 1967లో అమెరికా వైద్యుడు నార్మన్ షీలీ దీన్ని తొలిసారి ఒక రోగికి అమర్చారు. హైదరాబాద్ సహా దేశంలోని పలు నగరాల్లో ఈ చికిత్స ఇప్పుడు అందుబాటులో ఉంది. ఖర్చు లక్షల రూపాయల్లోనే.

అమర్చే రోజు వరకు రోగికి అందరూ దొరుకుతారు. శస్త్రవైద్యుడు, నొప్పి నిపుణుడు, కంపెనీ ప్రతినిధి పక్కనే ఉంటారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఏడాదికో రెండేళ్లకో తీగ చోటు మారుతుంది, లేదా బ్యాటరీ ఛార్జి కాదు, లేదా యంత్రం ఉన్నచోటే కొత్త నొప్పి మొదలవుతుంది. అప్పుడు ఎవరి తలుపు తట్టాలన్న ప్రశ్నకు మన వ్యవస్థలో స్పష్టమైన జవాబు లేదు.

ఇవి అరుదైన ఇబ్బందులేమీ కావు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో వైద్యులకు ఒక లేఖ రాసింది. 2016 జులై నుంచి నాలుగేళ్లలో ఈ పరికరాలపై 1,07,728 నివేదికలు అందాయని అందులో తెలిపింది. వాటిలో 77,937 గాయాలు లేదా ఆరోగ్య హానికి, 29,294 పరికర లోపాలకు, 497 మరణాలకు సంబంధించినవి. నివేదిక అందినంత మాత్రాన పరికరమే కారణమని రుజువైనట్లు కాదు. ఒకే ఘటనపై పలు నివేదికలు రావచ్చు, అసలు నివేదికకే ఎక్కని ఘటనలూ ఉండవచ్చు. అయినా రోగులు ఎక్కువగా చెప్పుకొన్న ఫిర్యాదు నొప్పి తగినంత తగ్గలేదన్నదే కావడం గమనార్హం. పరికరం వైపు చూస్తే ఛార్జింగ్ సమస్యలు, తీగలు జరగడం ముందు వరుసలో ఉన్నాయి. శాశ్వతంగా అమర్చేముందు కొద్దిరోజుల పాటు తాత్కాలిక తీగలతో పరీక్షించి, నొప్పి నిజంగా తగ్గిందని తేలాకే ముందుకు వెళ్లాలని ఎఫ్‌డీఏ ఆ లేఖలో సూచించింది.

చికిత్స ప్రయోజనంపైనా వాదం ఆగలేదు. 13 పరీక్షలు, 699 మంది రోగుల సమాచారాన్ని పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2023లో వెలువడింది. నడుమునొప్పికి ఈ పరికరాన్ని పరిశోధనలకు వెలుపల వాడటాన్ని అందుబాటులో ఉన్న ఆధారాలు సమర్థించవని అది తేల్చింది. నొప్పి చికిత్స నిపుణుల్లో చాలామంది ఈ నిర్ధారణతో ఏకీభవించలేదు. మధుమేహ నరాల నొప్పి విషయంలో 2021లో ప్రచురితమైన అమెరికా పరీక్ష ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. అయితే అందులో ఉత్తుత్తి చికిత్సతో పోలిక లేదు. తన సమస్య ఏ కోవకు చెందుతుందో, దానికి ఆధారం ఎంత గట్టిదో సంతకం పెట్టకముందే తెలుసుకోవడం రోగి హక్కు. ఆచరణలో ఆ సంభాషణకు దక్కే సమయం ఎంతో ఆస్పత్రికి వెళ్లినవారికి తెలియనిది కాదు.

భారత్‌లో చట్టం లేదనలేం. వైద్య పరికరాల నియమావళి 2017లో వచ్చింది, 2018 జనవరి 1 నుంచి అమలవుతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి చేరాయి. తీవ్రమైన, ఊహించని దుష్పరిణామం తమ దృష్టికి వస్తే లైసెన్సు పొందిన సంస్థ 15 రోజుల్లో అధికారులకు తెలపాలి. పరికరాల దుష్పరిణామాలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జులై నుంచే ఉంది. దీన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. వైద్యులు, నర్సులే కాదు, రోగి కూడా నేరుగా నివేదించవచ్చు. 1800-180-3024 టోల్‌ఫ్రీ సంఖ్య అందుకే ఉంది. కానీ కంపెనీకి ఉన్న చట్టబద్ధమైన నిర్బంధం ఆస్పత్రిపై లేదు. 'దృష్టికి వస్తే' అన్న మాటలోనే అసలు లొసుగంతా ఉంది. రోగి వైద్యుడికి చెప్పి, వైద్యుడు కాగితం మీద పెడితేనే విషయం ఎవరి దృష్టికైనా వస్తుంది. పరికరం అమర్చిన చేత్తోనే దాని వైఫల్యాన్ని రాయమంటే ఎంతమంది ఉత్సాహం చూపుతారు?

ఈ లోపం ఎంత ఖరీదైనదో తుంటి కీళ్ల ఉదంతం ఇదివరకే చూపింది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిపూయ్ తన ఏఎస్ఆర్ కృత్రిమ తుంటి కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. అప్పటికే భారత్‌లో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి. కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో నియమించిన నిపుణుల కమిటీ విచారణలో ఆచూకీ దొరికిన రోగులు 1,080 మంది మాత్రమే. మిగిలిన 3,600 మందికి పైగా తమ ఒంట్లో ఉన్నది వెనక్కి పిలిచిన పరికరమన్న సంగతైనా తెలుసో లేదో చెప్పగలిగినవారు లేరు. పరిహారం సూత్రాన్ని కేంద్రం 2018లో ఖరారు చేసింది. వైకల్యాన్ని, వయసును బట్టి రూ.30 లక్షల నుంచి రూ.1.23 కోట్ల వరకు చెల్లించాలని అందులో నిర్ణయించింది. ఆచూకీ లేనివారికి ఆ సూత్రం ఏ విధంగానూ అక్కరకు రాదు.

తుంటి కీలులో బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. వెన్ను పరికరానికి అవి రెండూ ఉన్నాయి. దాన్ని సరిదిద్దడానికి ఆ కంపెనీకి చెందిన ప్రోగ్రామింగ్ యంత్రమే కావాలి, చాలాచోట్ల ఆ కంపెనీ మనిషే రావాలి. సంస్థే మూతపడితే? అమెరికాలో ఈ పరికరాలు తయారుచేసిన న్యువెక్ట్రా 2019 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. వేలాది రోగులు విడిభాగాలకు, సేవలకు దిక్కులు చూశారు.

మన దగ్గర పత్రాల పరిస్థితి మరీ విడ్డూరం. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యుడు మూడేళ్లు భద్రపరిస్తే చాలు. రీఛార్జి చేసే యంత్రాల్లో కొన్ని పదేళ్లు, అంతకు మించీ పనిచేయడానికే తయారవుతాయి. అంటే పరికరం ఒంట్లో ఉండగానే దాని కథ ఆస్పత్రి అల్మరాలోంచి మాయం కావచ్చు. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని అవే నియమాలు చెబుతున్నాయి. కాబట్టి డిశ్చార్జి సారాంశం, శస్త్రచికిత్స నోట్, మోడల్, సీరియల్ సంఖ్యలున్న ఇంప్లాంట్ కార్డు, బిల్లు తొలి వారంలోనే చేజిక్కించుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కింద తయారీదారు, విక్రేత, సేవలందించినవారిపై పరిహారం కోరవచ్చు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లే గడువు. కాగితాలు లేకుండా ఆ గడప ఎక్కి లాభం లేదు.

వైద్యపరంగా ప్రతి ఇబ్బందికీ మళ్లీ కత్తి అవసరం లేదు. ఉపశమనం తగ్గితే ముందు ప్రోగ్రామింగ్ మార్చి చూస్తారు. తీగ కదిలిందో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది, పాత ఎక్స్‌రే ఉంటే పోల్చడం తేలిక. గాయం దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే మాత్రం జాప్యం తగదు. ఇన్‌ఫెక్షన్ సోకితే తరచూ మొత్తం పరికరాన్ని తీసేయాల్సి వస్తుంది. కాళ్లలో కొత్తగా బలహీనత వచ్చినా, మూత్ర, మల విసర్జనపై పట్టు తప్పినా అదేరోజు ఆస్పత్రికి చేరాలి. వెన్నుపాముపై ఒత్తిడి పడుతోందనడానికి అవి సూచన కావచ్చు.

అంతగా ప్రచారంలో లేని మరో ప్రమాదం వీధి చివరి ఫిజియోథెరపీ కేంద్రంలో ఉంది. నడుమునొప్పికి అక్కడ సర్వసాధారణంగా ఇచ్చే షార్ట్‌వేవ్ డయాథర్మీ వేడి చికిత్స ఈ పరికరం ఉన్నవారికి నిషిద్ధం. ఆ శక్తి తీగల ద్వారా ఎలక్ట్రోడ్ల వద్ద వేడిగా మారి కణజాలాన్ని కాల్చివేయగలదు, ప్రాణాపాయమూ కలగవచ్చు. ఎంఆర్ఐ విషయంలోనూ అంతే. కొన్ని మోడళ్లకు షరతులతో అనుమతి ఉంది, కొన్నింటికి లేదు. ఏ మోడలో చెప్పగలిగేది ఆ ఇంప్లాంట్ కార్డే.

విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ పార్కులో వైద్య పరికరాల తయారీకి ప్రభుత్వాలు ఊతమిస్తున్నాయి. దిగుమతులపై ఆధారపడటం తగ్గితే మంచిదే. అమర్చిన ప్రతి పరికరాన్నీ, దాన్ని మోస్తున్న మనిషినీ కలిపి నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీకి దీనితో పోలిస్తే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఎముకల శస్త్రవైద్యులు కీళ్లమార్పిడికి స్వచ్ఛందంగా అలాంటి నమోదును ఇప్పటికే నడుపుతున్నారు. అది స్వచ్ఛందంగానే ఉన్నంతకాలం అందులో చేరని ఆస్పత్రి రోగి లెక్కలోకి రాడు. అమర్చిన ప్రతి ఆస్పత్రీ నమోదు చేసి తీరాలని, రోగి ఇంప్లాంట్ కార్డు వివరాలు పరికరం పనిచేసినంతకాలం భద్రంగా ఉండాలని 2017 నియమావళిని సవరించగల అధికారం కేంద్ర ఆరోగ్యశాఖ చేతుల్లోనే ఉంది.