మాట్లాడేది ఎవరు? వినేది ఎవరు?

పాఠశాల వార్షికోత్సవంలో ఒక విద్యార్థి దుర్యోధనుని ఏకపాత్రాభినయం చేస్తాడు. అతని నోట వెలువడే అహంకారం అతనిదేనని ఎవరూ అనుకోరు. కాని అదే విద్యార్థి మరునాడు ఒక పద్యం చదివి, అందులో 'నేను' అన్న మాట కనబడగానే 'కవి తన బాధ చెప్పుకొన్నాడు' అని జవాబు రాస్తాడు. ఇది సరైన పద్ధతి కాదు.

కవి కొన్నిసార్లు తన మనసును తానే విప్పి చెబుతాడు. కొన్నిసార్లు ఒక పాత్రను కల్పించి, దానిచేత ఎదుటివారితో మాట్లాడిస్తాడు. ఈ రెండవ పద్ధతిని ఆంగ్లంలో 'డ్రమెటిక్ మోనోలాగ్' అంటారు. ఇందులో మాటలన్నీ ఒకరివే. వినేవారు పెదవి విప్పరు. అయినా వారెవరో గుర్తిస్తేనే కవిత అర్థమవుతుంది.

ఆంగ్లకవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో 'మై లాస్ట్ డచెస్' ప్రచురించాడు. ఇటలీలోని ఫెరారా ప్రభువు తన గతించిన భార్య చిత్రపటాన్ని అతిథికి చూపుతాడు. ఆమె అందరినీ చూసి ఒకే రీతిగా నవ్వడం తనకు నచ్చలేదనీ, తాను ఆజ్ఞలివ్వగానే ఆ నవ్వులు ఆగిపోయాయనీ తొణకకుండా చెబుతాడు. అతిథి ఎవరో చివరకు గాని తెలియదు. ప్రభువు కొత్తగా పెళ్ళాడబోయే కన్య తరఫున వచ్చిన దూత అతడు! అప్పుడు ఆ మాటలు రాబోయే భార్యకు హెచ్చరికగా వినిపిస్తాయి. ఆ క్రూరత్వాన్ని కవికి అంటగడితే కవితే తలకిందులవుతుంది.

జాషువ 'గబ్బిలం' (1941)లో, చెప్పులు కుట్టి బతికే ఒక నిరుపేద తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. అస్పృశ్యుడని అతణ్ణి రానివ్వని గుడిలోకి గబ్బిలం నిరాటంకంగా పోగలదు. అతని గోడు వినడానికి ఒక్క మనిషైనా లేకపోవడమే ఆ కావ్యం సంఘంపై మోపిన నేరం.

జాషువ అస్పృశ్యత బాధను స్వయంగా అనుభవించాడు గనుక అది ఆయన కథే అని కొందరంటారు. బాధ ఆయనదీ అయి ఉండవచ్చు. కాని జాషువ బడిలో పాఠాలు చెప్పినవాడు. కావ్యంలో మాట్లాడేవాడు చెప్పులు కుట్టేవాడు. ఆ 'నేను'ను కవికే పరిమితం చేస్తే, లక్షలమంది ఆక్రందన ఒక్క మనిషి జీవితచరిత్రగా కుదించుకుపోతుంది.

కనుక 'కవి చెప్పాడు' అని రాసే ముందు, మాట్లాడేది ఎవరో, వినేది ఎవరో విద్యార్థి తనను తాను ప్రశ్నించుకోవాలి. ఇతరుల గొంతును ఇతరులదిగా వినడం నేర్పడం కవిత్వం చేసే మేలు.