మేడిపండులో పురుగు చేసిన తప్పేంటి?

అంజీర్ వెజ్జా, నాన్‌వెజ్జా? ఈమధ్య రీల్స్‌లో ఇదే గోల. ‘ప్రతి అంజీర్‌లో ఓ చచ్చిన కందిరీగ ఉంటుంది’ అని ఒకరు భయపెడతారు. కింద కామెంట్లలో అందరూ ‘ఛీ’ అంటారు. జవాబు చెప్తాను గానీ, ముందు అంజీర్‌కి మన ఊళ్లో ఉన్న చుట్టం దగ్గరికి వెళ్దాం. అదే మేడిచెట్టు.

మేడిపండు అనగానే మనకి వేమన గుర్తొస్తాడు. పైకి బాగుండి లోపల బాగోని మనుషులకి అదే పోలిక. నాకు మాత్రం ఆ పురుగంటే గౌరవం. దాని కథ వింటే మీకూ కలుగుతుంది.

మేడిచెట్టుకి పువ్వు కనబడదు కదా! ఎందుకంటే మనం కాయ అనుకునేదే పూలగుత్తి. మూటలాంటి ఆ కాయ లోపలి గోడల నిండా వందల బుల్లి పూలు ఉంటాయి. గాలి వెళ్లదు, తేనెటీగ దూరదు. మరి పుప్పొడి ఎలా అందుతుంది? కాయ కొసన సన్నటి రంధ్రం ఒకటుంది. అందులోంచి దూరేది దోమకన్నా చిన్నదైన ఓ కందిరీగ.

ఆడ కందిరీగ వాసన పట్టుకుని వస్తుంది. దారి ఎంత ఇరుకంటే, దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి. ఇక ఎగిరే ఆశ లేదు. తను పుట్టిన కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని ఆడపూలకి అందిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే కన్నుమూస్తుంది. గుడ్లు లేని పూలు గింజ కడతాయి. గుడ్లున్న పూలు పిల్లలకి ఉయ్యాలలు. పుప్పొడి తెచ్చినందుకు చెట్టు ఇచ్చే కూలి అన్నమాట.

కొన్ని వారాలకి పిల్లలు ఎదుగుతాయి. మగవాటికి రెక్కలుండవు. ఆడవి ఇంకా ఉయ్యాలలో ఉండగానే జతకట్టి, కాయ గోడకి కన్నం తొలిచి చనిపోతాయి. సరిగ్గా అప్పుడే లోపలి మగపూలు విచ్చుకుంటాయి. ఆడవి ఆ పుప్పొడి తీసుకుని కన్నంలోంచి ఎగిరిపోతాయి. ఒక చెట్టు కాయలన్నీ సాధారణంగా ఒకే దశలో ఉంటాయి కాబట్టి వేరే చెట్టు వెతుక్కోవాల్సిందే. అలా ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకి చేరుతుంది. కందిరీగ బతికేదేమో ఒకట్రెండు రోజులు!

ఆ పురుగు లేకపోతే ఏమవుతుందో అమెరికా రైతులు డబ్బులు పోసి మరీ నేర్చుకున్నారు. 1880ల్లో టర్కీ నుంచి స్మిర్నా రకం అంజీర్ మొక్కలు కాలిఫోర్నియాకి తెచ్చారు. చెట్లు ఏపుగా పెరిగాయి, పిందెలు మాత్రం రాలిపోయాయి. ఏళ్లు గడిచాక, 1899లో కందిరీగల్ని కూడా తెచ్చి నిలబెడితే గానీ పంట చేతికి రాలేదు.

ఇక రీల్ సంగతి. ప్రతి అంజీర్‌లో కందిరీగ ఉంటుందన్నది తప్పు. పుణె వైపు పండించే పూనా రకానికి కందిరీగతో పనే లేదు. స్మిర్నా లాంటి రకాల్లో అయితే ఒకటి లోపల చనిపోయి ఉండొచ్చు, పండు ముదిరేసరికి చాలావరకు కరిగిపోతుంది. పంటికింద కరకరలాడేవి గింజలే. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం.

నా బాధ వేరే. ఊళ్లో ఉన్న నాలుగు మేడిచెట్లలో మూడు కొట్టేస్తే, మిగిలిన దానిలోంచి ఎగిరిన కందిరీగ ఆ ఒకట్రెండు రోజుల్లో ఎక్కడికి వెళ్లాలి? చెట్టు ఉంటుంది, గింజ ఉండదు. మేడిపళ్ల మీద ఆధారపడే పిట్టలకీ గబ్బిలాలకీ తిండి తగ్గుతుంది.

ఈసారి మేడికాయ దొరికితే చీల్చి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. పురుగు కనిపిస్తే ‘ఛీ’ అని విసిరేయకండి. ఆ చెట్టుకి పక్కన ఇంకో చెట్టు ఇంకా బతికే ఉందని అర్థం.